గర్భసంచి ఆపరేషన్ తర్వాత కాపురం

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారాలు. మాది దేవరకొండ దగ్గర పల్లె. నా వయసు 51 ఏళ్లు, ముట్లు ఆగి రెండేళ్లయింది. గర్భసంచి కిందికి జారడంతో, నాలుగు నెలల కింద ఆపరేషన్ చేసి సంచి తీసేసి, జారిన గోడలకు కుట్లు వేశారు. ఇప్పుడు పత్తి ఏరడానికి కూడా పోతున్నాను. కానీ భర్తతో కలిసినప్పుడు మంటగా, బిగుతుగా ఉంటున్నది. కుట్లు ఊడుతాయేమోనని ఆయనకూ భయమే. ‘సంచి తీసేసినాక ఇంకేం కాపురం’ అని మా అత్తమ్మ అంటున్నది. నిజమేనా?
– ఒక సోదరి, నల్లగొండ జిల్లా

జవాబు: అమ్మా, మీ అత్తమ్మ మాట నిజం కాదు. గర్భసంచి వేరు, యోనిమార్గం వేరు. సంచి తీసినప్పుడు మార్గం పైకొసను కుట్టి మూస్తారే తప్ప, మార్గాన్ని తీసివేయరు. సుఖాన్ని తెలిపే నరాలు ఎక్కువగా ఉండేది ముఖద్వారం దగ్గర, దానికి పైన ఉండే చిన్న మొగ్గలాంటి భాగంలో. ఆ మొగ్గకు ఈ ఆపరేషన్‌తో సంబంధం లేదు. జారిన బరువు, దానివల్ల కలిగిన బిడియం పోయి, కాపురం మునుపటికన్నా హాయిగా ఉందని చెప్పే స్త్రీలు ఎందరో ఉన్నారు.

కలయికకు సాధారణంగా కనీసం 6 వారాలు ఆగమంటాం. నాలుగు నెలలకు పుండు మానడం, కరిగే కుట్లు కరిగిపోవడం మామూలుగా జరిగిపోతాయి కాబట్టి, కలిసినంత మాత్రాన అవి ఊడవు. అయితే మీ మంటను ఓర్చుకోవలసిన పని లేదు. ముట్లు ఆగాక ఈస్ట్రోజెన్ అనే హార్మోను తగ్గి లోపలి పొర పలుచబడి పొడిబారుతుంది; దానికి లోపల రాసుకొనే ఈస్ట్రోజెన్ క్రీము డాక్టరు చూసి రాస్తారు, కలిసేటప్పుడు నీటితో చేసిన జెల్లీ వాడవచ్చు. బిగుతుకు మాత్రం పరీక్ష తప్పనిసరి. యోనిమార్గం వెనుక గోడకు వేసిన కుట్ల దగ్గర మచ్చ గట్టిపడి ఉండవచ్చు, లేదా నొప్పికి జడిసి కండరాలే బిగుసుకుపోతుండవచ్చు. రెండింటికీ వైద్యం ఉంది. అంతవరకు దగ్గరితనానికి కలయిక ఒక్కటే దారి కాదని మీ ఆయనకు చెప్పండి, వీలైతే ఆయనను కూడా వెంట తీసుకురండి. రక్తం కనబడినా, దుర్వాసనతో తెల్లబట్ట అయినా, మళ్లీ గడ్డలాంటిది చేతికి తగిలినా వెంటనే వెళ్లాలి.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది పత్తి మాట. ఏరడం సరే, కానీ సాయంత్రం ఆ మూటను నెత్తికెత్తుకొని తూకం దాకా మోస్తున్నారా? ఆ బరువు, మలబద్ధకంతో ముక్కడం, మానని దగ్గు, ఈ మూడూ జారుడును మళ్లీ తేగలవు. మూటను ఇంకొకరికి అప్పగించండి.

నా దగ్గరికి వచ్చే తల్లులు చీటీ తీసుకొని తలుపు దాకా వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చి, కొంగు వేలికి చుట్టుకుంటూ ఈ సంగతి అడుగుతారు. మీరు కుర్చీలో కూర్చోగానే అడగండి. ‘కలిసినప్పుడు నొప్పి ఉంది’ అని చెప్పి, అది ముఖద్వారం దగ్గరో, లోపలో చెప్పండి. వైద్యం అక్కడి నుంచే మొదలవుతుంది.