పికప్ బండికి అదనపు కమాన్ పట్టీ వేస్తే ఎక్కువ లోడు వేయొచ్చా?

వేయకూడదు, కమాన్ కట్టలో (ఇరుసు మీద బండిని మోసే ఉక్కు పట్టీల స్ప్రింగు) పట్టీ పెంచితే బండి వెనక భాగం లేస్తుందే గానీ మోసే సామర్థ్యం పెరగదు. బరువంతా కమాన్ కట్టే మోయదు కదా, ఇరుసు, బేరింగులు, టైర్లు, ఛాసిస్ (బండి చట్రం) అన్నీ కంపెనీ లెక్కకే ఉంటాయి. బ్రేకు సంగతి మరీ ముఖ్యం. చాలా పికప్‌లలో ఛాసిస్‌కీ వెనక ఇరుసుకీ మధ్య చిన్న కడ్డీతో ఒక వాల్వు ఉంటుంది. లోడు పడి ఛాసిస్ కిందికి దిగితే ఆ కడ్డీ కదిలి, వెనక బ్రేకుకి ఒత్తిడి పెరుగుతుంది. గట్టి పట్టీ వేస్తే బండి అంతగా దిగదు. వాల్వు లెక్కలో అది ఇంకా ఖాళీ బండే.

కవిటిలో కొబ్బరికాయలు ఎత్తి శ్రీకాకుళం వచ్చే బండి ఆర్‌సీలో బండి, లోడు కలిపి మొత్తం బరువు 3,000 కిలోలని ఉందనుకోండి. ఎన్ని పట్టీలు వేసినా కాటా దగ్గర చూసేది ఆ 3,000నే. దాటితే మోటారు వాహనాల చట్టం ప్రకారం 20,000 రూపాయలు, ఎక్కువైన ప్రతి టన్నుకూ మరో 2,000.

లోడు వేసినా వెనక భాగం కిందికి దిగలేదంటే బండి మోస్తున్నట్టేనని చాలామంది అనుకుంటారు. అది కమాను గట్టితనం, అంతే. వాలిపోయిన పాత పట్టీ మార్చడం వేరు, అది చేయాల్సిందే. సొంతంగా మారిస్తే కమాన్ కట్టను ఇరుసుకి బిగించే యూ బోల్టులు కొత్తవే వేసి, కొన్నాళ్లు లోడుతో తిరిగాక మళ్లీ బిగించాలి.