ప్రతిసారీ మారే ఐడీ ఉన్న రిక్వెస్టుకు టెస్టు ఎలా రాయాలి?

ప్రశ్న: పైథాన్‌లో మా చెల్లింపుల కోడ్‌కు యూనిట్ టెస్టులు రాస్తున్నాను. బయటి సర్వరుకు వెళ్లే యూఆర్ఎల్‌లో ఆర్డరు నంబరు, సొమ్ము, వాటితో పాటు టైమ్‌స్టాంపు, ఒక యూయూఐడీ (ఏ రెండూ కలవకుండా తయారయ్యే గుర్తింపు సంఖ్య) ఉంటాయి. చివరి రెండూ ప్రతిసారీ మారడం వల్ల రెస్పాన్సెస్ లైబ్రరీతో మాక్ చేస్తే (అసలు సర్వరు బదులు ముందే నమోదు చేసిన జవాబు ఇప్పిస్తే) ‘కనెక్షన్ ఎర్రర్’ వస్తోంది. ర్యాండమ్ విలువలు ప్రతిసారీ ఒకేలా రావాలని సీడ్ పెట్టినా లాభం లేదు. యూఆర్ఎల్‌లో ప్రశ్నార్థకం తర్వాత, ఈ విలువలన్నీ ఉండే భాగమంతా తీసేసి నమోదు చేయమని మా సహోద్యోగి అంటున్నారు. చేయవచ్చా?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: చేస్తే టెస్టు పాసవుతుంది. రేపు ఎవరో పొరపాటున రూపాయల చోట పైసలు పంపినా పాసవుతుంది. అలాంటి టెస్టు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

ముందు సీడ్ సంగతి చూద్దాం. నాలుగో వెర్షన్ యూయూఐడీ తయారుచేసే యూయూఐడీ4 ఫంక్షన్ అసలు ర్యాండమ్ మాడ్యూలు జోలికే పోదు. ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడిగి బైట్లు తెచ్చుకుంటుంది. మీ సీడ్ దానికి పట్టదు. ఇక ఆ ఎర్రరుకు నెట్‌వర్కుతో సంబంధమే లేదు. నమోదు చేసిన వాటిలో దేనితోనూ రిక్వెస్టు సరిపోలకపోతే లైబ్రరీయే ఆ పేరుతో విసురుతుంది.

కోడ్ మీ చేతిలోనిదైతే ఐడీ తయారుచేసే ఫంక్షన్‌నూ, గడియారాన్నీ బయటి నుంచి ఆర్గ్యుమెంట్లుగా అందించండి. టెస్టులో మీకు నచ్చిన స్థిరమైన విలువలు ఇస్తే యూఆర్ఎల్ అక్షరం పొల్లుపోకుండా సరిపోలుతుంది. ప్యాచ్ చేయడం (టెస్టు నడిచినంతసేపు ఆ ఫంక్షన్ స్థానంలో మరొకటి పెట్టడం) నాకు రెండో దారి. అది తప్పనప్పుడు యూయూఐడీ4ను మీ మాడ్యూలు ఏ పేరుతో దిగుమతి చేసుకుందో ఆ పేరునే ప్యాచ్ చేయాలి. అసలు యూయూఐడీ మాడ్యూలులో మార్చి, ఫలితం లేదని తల పట్టుకునేవారు చాలామంది.

ఐడీ పుట్టేది వేరేవాళ్ల లైబ్రరీ లోపలైతే, రెస్పాన్సెస్‌లో ప్రశ్నార్థకం తర్వాతి విలువలను పోల్చే క్వెరీ పారామ్ మ్యాచర్‌కు ఆర్డరు నంబరు, సొమ్ము మాత్రమే ఇచ్చి, స్ట్రిక్ట్ మ్యాచ్‌ను ఫాల్స్ చేయండి. ఆ రెండూ కచ్చితంగా సరిపోలాలి, మిగతావి ఏవైనా ఫరవాలేదు అని దానర్థం. కానీ అక్కడితో ఆగితే సగం పనే. రెస్పాన్సెస్ కాల్స్ జాబితాలో వెళ్లిన రిక్వెస్టు ఉంటుంది. అందులోంచి ఐడీ తీసి, అది నాలుగో వెర్షన్ యూయూఐడీయేనా అని చూడండి.

చెల్లింపుల్లో అసలు ప్రమాదం మళ్లీ ప్రయత్నించేటప్పుడే ఉంటుంది. సర్వరు సొమ్ము తీసుకుంది, జవాబు మాత్రం దారిలో పోయింది అనుకోండి. రెండో ప్రయత్నంలో పాత ఐడీయే వెళ్తే సర్వరు గుర్తుపడుతుంది. కొత్తది వెళ్తే వినియోగదారుడి ఖాతాలో రెండుసార్లు కోత. అందుకే ఒకే చిరునామాకు రెండు జవాబులు నమోదు చేయండి: మొదటిది టైమవుట్, రెండోది 200 (పని సవ్యంగా అయిందనే సంకేతం). లైబ్రరీ వాటిని అదే వరుసలో ఇస్తుంది. కాల్స్‌లో రెండు రిక్వెస్టులు ఉండాలి, రెండింటి ఐడీ ఒకటే అయి ఉండాలి. మరో ఆర్డరు పంపితే ఐడీ మారాలి. మీ సహోద్యోగి చెప్పినట్టు నమోదు చేసి ఊరుకుంటే, రెండో ప్రయత్నంలో కొత్త ఐడీ వెళ్లినా ఎవరికీ తెలియదు.

టైమ్‌స్టాంపుకు ఇంత తతంగం అక్కర్లేదు. టెస్టు మొదలైన క్షణానికీ ముగిసిన క్షణానికీ మధ్య ఉంటే చాలు. కోడ్ దాన్ని పూర్తి సెకన్లలో పంపుతుంటే, మొదలైన సమయంలోనూ దశాంశం తర్వాతి అంకెలు కొట్టేయండి. లేకపోతే టెస్టు మొదలుకాకముందే రిక్వెస్టు వెళ్లినట్టు తేలుతుంది.