చెవిలోని గొంతును తగ్గించకు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు బ్యాంకు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, ఒక క్రీడా ఛానెల్‌లో తెలుగు వ్యాఖ్యాతగా చేరబోతున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చెప్పింది అనడం కంటే నన్ను నిలదీసింది అనడం సబబు. చిన్నప్పుడు నిన్ను టీవీ ముందు కూర్చోబెట్టి, ధ్వని ఆపేసి, నీచేత మ్యాచ్‌లకు వ్యాఖ్యానం చెప్పించి చెడగొట్టింది నేనేనట. ఆ నిందను నేను కాదనలేదు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు గర్వంగానే ఉన్నాను కానీ, ఆ తర్వాత నిద్ర పట్టక లేచి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

అందరూ చెప్పేవి ముందు ముగిస్తాను. మ్యాచ్‌కు చాలా ముందే చేరుకో. గోరువెచ్చని నీళ్లు అందుబాటులో ఉంచుకో. దగ్గు వచ్చినప్పుడు మైకును క్షణకాలం మూసే మీట ఎక్కడుందో కూర్చోగానే చేత్తో తడిమి చూసుకో. ఆటగాళ్ల పేర్లు ఎలా పలకాలో వాళ్లనో, వాళ్ల జట్టువాళ్లనో అడిగి తెలుసుకో, నీకు తోచినట్టు పలకకు. రగ్బీ వ్యాఖ్యాత బిల్ మెక్‌లారెన్ ప్రతి మ్యాచ్‌కూ ఒక పెద్ద కాగితాన్ని రంగురంగుల సిరాలతో ఇరుజట్ల వివరాలతో నింపుకునేవాడు. అందులో ప్రేక్షకుల చెవిన పడేది ఏ కొద్దిభాగమో. నీ కాగితమూ అలాగే ఉండాలి. రాసుకున్నాను కదా అని అంతా చదివి వినిపించే వాళ్ల పక్కన కూర్చోవలసి వచ్చిన రోజులు నాకు ఇప్పటికీ తలనొప్పి తెప్పిస్తాయి.

ఇక నీ నోటి సంగతి. నువ్వు వాగుడుకాయవని నీకూ తెలుసు, నాకూ తెలుసు. రేడియోలో అది గుణమే. 1975లో కౌలాలంపూర్‌లో జరిగిన హాకీ ప్రపంచకప్ ఫైనల్లో భారత్ 2-1 తేడాతో పాకిస్థాన్‌ను ఓడించినప్పుడు, హిందీలో జస్‌దేవ్ సింగ్ చెబుతూ ఉంటే బంతి ఎక్కడుందో, ఎవరి కర్రకు తగిలిందో వినేవాళ్లకు కళ్లకు కట్టినట్టు తెలిసిపోయేది, ఎందుకంటే ఆ గొంతు ఆగిన క్షణాన శ్రోతకు మైదానమే మాయమవుతుంది. టెలివిజన్‌లో మైదానం ప్రేక్షకుడి ఎదుటే ఉంటుంది. బౌలర్ పరుగెత్తి వస్తున్నాడని నువ్వు చెప్పనక్కరలేదు. ఆస్ట్రేలియా క్రికెట్ వ్యాఖ్యాత రిచీ బెనో జీవితమంతా పాటించిన పద్ధతి ఒక్కటే: తెర మీద కనబడుతున్నదానికి ఏదైనా చేర్చగలిగితే మాట్లాడటం, లేకపోతే ఊరుకోవడం. ఆయన మాటవరసకు మైకు పట్టినవాడు కాడు. ఇంకా ఆడుతున్న రోజుల్లోనే, ఆస్ట్రేలియాకు కెప్టెన్ కాకముందే, 1956 ఇంగ్లండ్ పర్యటన ముగిశాక అక్కడే ఉండిపోయి బీబీసీలో శిక్షణ తీసుకున్నాడు. క్యాచ్ జారిపోవడాన్ని ‘విషాదం’ అనీ, ‘ఘోర విపత్తు’ అనీ అనేవాళ్లంటే ఆయనకు గిట్టేది కాదు. ఓడ మునిగి జనం చనిపోతే అది విషాదమనీ, క్యాచ్ జారితే అది క్యాచ్ జారడమేననీ ఆయన లెక్క. మన భాషలో ఈ జబ్బు ఇంకా ఎక్కువ. ప్రతి ఫోరుకూ పూనకం వచ్చినట్టు అరిచేవాడికి, నిజంగా అరవవలసిన ఘడియ వచ్చినప్పుడు పైస్థాయి ఏమీ మిగలదు. 1974 ఏప్రిల్ 8న హ్యాంక్ ఆరన్ 715వ హోమ్ రన్ కొట్టి బేస్‌బాల్ రికార్డును తిరగరాసినప్పుడు, వ్యాఖ్యాత విన్ స్కల్లీ బంతి కంచె దాటిందని చెప్పి, ఆ తర్వాత చాలాసేపు జనం హోరును మాత్రమే వినిపించాడు. 67 సీజన్లు ఒకే జట్టుకు వ్యాఖ్యానం చెప్పినవాడికి మాటలు కరువై కాదు కదా.

నువ్వు ఏ ఆటా పెద్ద స్థాయిలో ఆడలేదని బెంగపడుతున్నట్టు మీ అమ్మ మాటల్లో తోచింది. హర్షా భోగ్లే ఉస్మానియాలో కెమికల్ ఇంజనీరింగ్, ఆపైన అహ్మదాబాద్ ఐఐఎంలో చదువుకుని వచ్చినవాడు, టెస్టు క్రికెటర్ కాడు. అయితే ఒక మెలకువ ఉంది. నీ పక్కన ఒక మాజీ ఆటగాడు కూర్చుంటాడు. ఆయన నైపుణ్యం గురించి ఆయనతో పోటీపడకు. ఏం జరిగిందో చెప్పడం నీ పని, ఎందుకు జరిగిందో చెప్పడం ఆయన పని. ‘ఆ బంతికి ఆయన కాలు ఎందుకు కదలలేదు?’ అని ఒక మంచి ప్రశ్న వేసి, జవాబు పూర్తయ్యేదాకా ఆగగలిగితే, ప్రేక్షకుడు ఆ జవాబు ఘనతలో సగం నీ ఖాతాలో వేస్తాడు.

ఆడపిల్లవు కాబట్టి నీ తప్పులను భూతద్దంలో చూస్తారు. ఇది అన్యాయమే, అయినా జరుగుతుంది. సి.కె. నాయుడు కుమార్తె చంద్రా నాయుడు 1970లలోనే మన దేశంలో క్రికెట్ వ్యాఖ్యానం చెప్పింది. అన్నేళ్ల తర్వాత, 2007లో జాకీ ఓట్లీ బీబీసీ ఫుట్‌బాల్ కార్యక్రమం ‘మ్యాచ్ ఆఫ్ ది డే’లో వ్యాఖ్యానం చెప్పిన తొలి మహిళ అయినప్పుడు, ఆమె నోరు విప్పకముందే పత్రికల్లో ఎద్దేవా మొదలైంది. ఆమె మ్యాచ్ చెప్పింది, మళ్లీ చెప్పింది, చెబుతూనే ఉంది. మ్యాచ్ రాత్రి ఫోన్‌లో నీ గురించి జనం ఏం రాశారో చదవకు. మర్నాడు చదివినా నష్టమే కానీ, రాత్రి చదివితే నిద్ర కూడా పోతుంది.

నా నిద్రను చెడగొట్టిన సంగతికి ఇప్పుడు వస్తున్నాను. దీన్ని మాత్రం నెమ్మదిగా చదువు.

నేను రెండో గొంతుగా, అంటే సహవ్యాఖ్యాతగా, ఉన్న రోజుల్లో, నా పక్కన మైకు పట్టిన పెద్దాయన ఒకరు ఉండేవారు. పేరు చెప్పను. చమత్కారానికి ఆయన పెట్టింది పేరు. ఆయన ఒక్క మాట విసిరితే మర్నాడు నలుగురూ దాన్ని చెప్పుకునేవారు. ఒకనాటి ఫుట్‌బాల్ మ్యాచ్‌కు ప్రొడ్యూసరుగా కొత్త కుర్రవాడు వచ్చాడు. పాపం, అతను కంగారులో టాక్‌బ్యాక్‌లో, అంటే వ్యాఖ్యాత చెవికి మాత్రమే వినబడే లైనులో, ఊపిరి సలపనివ్వకుండా మాట్లాడాడు: విరామానికి ఎంత సమయముంది, ప్రాయోజకుల పేరు ఎప్పుడు చెప్పాలి, రీప్లే ఏ కోణం నుంచి వస్తుంది, అన్నీ చెవిలోనే. ఇక్కడ నీ మాట బయటికి పోతూ ఉంటే, అక్కడ వేరొకరి మాట లోపలికి వస్తూ ఉంటుంది. అది అలవాటయ్యేదాకా ఎవరికైనా నరకమే. పెద్దాయనకు విసుగు వచ్చి, ఎదుట ఉన్న పెట్టె మీద మరను తిప్పి, చెవిలో శబ్దాన్ని దాదాపు లేకుండా చేసుకున్నారు. చేసుకుని, హాయిగా ఒక చిరునవ్వు నవ్వారు కూడా.

రెండో సగంలో, గాలిలో బంతి కోసం ఎగిరిన ఇద్దరి తలలు ఢీకొన్నాయి. ఒకడు లేచాడు, రెండోవాడు లేవలేదు. ఆ లేవనివాడు, చిన్న దెబ్బకే పొర్లి ఫ్రీకిక్ సంపాదిస్తాడని పేరుబడినవాడు. పెద్దాయన అందుకున్నారు. ఇతను ఆటను వదిలి నాటకాల్లో చేరితే మంచి భవిష్యత్తు ఉందన్నారు, తెర దించే సమయం వచ్చిందన్నారు. ఈలోగా దర్శకుడు మొదట దగ్గరగా చూపిన దృశ్యాన్ని ఠక్కున మార్చి, మైదానమంతా కనిపించే దూరపు దృశ్యానికి వెళ్లాడు. రీప్లే వేయలేదు. నా చెవిలో ప్రొడ్యూసరు గొంతు రెండుసార్లు వచ్చింది: ‘తీవ్రమైన గాయం, ఏమీ అనకండి.’ నేను పెద్దాయన మోచేతి మీద చెయ్యి వేశాను. నేను నా వంతు అడుగుతున్నాననుకుని, ఆ చేతిని పక్కకు నెట్టి ఇంకో చమత్కారం చేశారు. ప్రత్యర్థి జట్టు ఆటగాళ్లే చేతులూపి వైద్యులను పిలుస్తుండగా, స్ట్రెచర్ లోపలికి పరుగెత్తుకొస్తుండగా, ఆయన మాట వాక్యం మధ్యలో తెగిపోయింది.

ఆ ఆటగాడు బతికాడు, కోలుకున్నాడు, చాలా నెలల తర్వాత మళ్లీ ఆడాడు. పెద్దాయన తర్వాతి మ్యాచ్ మొదట్లోనే సూటిగా, సాకులు లేకుండా క్షమాపణ చెప్పారు. ఆటగాడు కూడా మన్నించాడని విన్నాను. కథ అక్కడ ముగిసి ఉంటే నేను నీకు ఇంతగా రాసేవాణ్ణి కాను. ఆ రోజు నుంచి ఆయనకు భయం పట్టుకుంది. ఎవరు కిందపడినా ‘బహుశా’, ‘కావచ్చు’, ‘చూడాలి’ తప్ప మాట వచ్చేది కాదు. చివరికి గోల్ పడినప్పుడు కూడా ఆయన గొంతులో ఆ తటపటాయింపే వినబడేది. జనం ఎదురుచూసే ఆ చమత్కారం మళ్లీ కనబడలేదు. అందరూ ఆయన నోరు జారిందని అన్నారు. నాటకాల గురించి ఆ మాట అనడం తప్పే, కానీ అసలు పొరపాటు అంతకు గంట ముందు ఆ మరను తిప్పడం. చెవి తెరిచి ఉంటే, అదే నోటితో మొదటి వాక్యం దగ్గరే ఆగేవారు.

కాబట్టి టాక్‌బ్యాక్ శబ్దాన్ని ఎంత విసుగు పుట్టినా తగ్గించకు. ప్రొడ్యూసరు ఎక్కువగా మాట్లాడితే, విరామంలో వెళ్లి, ఏవి అవసరమో ఏవి అక్కరలేదో ఆయనతో కూర్చుని తేల్చుకో. దర్శకుడి భాష కూడా నేర్చుకో: కెమెరా హఠాత్తుగా దూరం జరిగి, రీప్లే రాకుండా ఉందంటే, ఆ గదిలో ఎవరికో నీకు తెలియనిది తెలిసిందని అర్థం. ఆటగాళ్లను చూడు. 2021 జూన్ 12న కోపెన్‌హేగన్‌లో ఫిన్లాండ్‌తో ఫుట్‌బాల్ మ్యాచ్‌లో డెన్మార్క్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్ కుప్పకూలినప్పుడు, సహచరులు అతని చుట్టూ గోడలా నిలబడ్డారు. అది చూశాక ఏ వ్యాఖ్యాతకైనా చెప్పదగినవి రెండే: వైద్యులు లోపలికి వచ్చారన్నది, ఆట ఆగిందన్నది. అతను బతికి మళ్లీ ఆడాడని మనకు ఇప్పుడు తెలుసు. ఆ నిమిషాల్లో ఎవరికీ తెలియదు. తెలియనిదాన్ని ఊహించి చెప్పడానికి నీకు హక్కు లేదు తల్లీ, ఎంత మంచి ఊహ అయినా సరే.

ఇంతకంటే బరువైన సమయంలో చెవి ఏం చేయగలదో అమెరికా టీవీ క్రీడా వ్యాఖ్యాత జిమ్ మెక్‌కే చూపించాడు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో ఇజ్రాయెల్ క్రీడాకారులను బందీలుగా పట్టుకున్నప్పుడు, ఆటల గురించి మాట్లాడటానికి వచ్చిన ఆ మనిషి గంటల తరబడి కెమెరా ముందు ఉండిపోవలసి వచ్చింది. బందీలంతా క్షేమమన్న వార్త రాత్రివేళ ప్రపంచమంతా పాకింది. చివరికి నిజం ఆయన చెవిలోకే వచ్చింది, ఆయన దాన్ని చాలా తక్కువ మాటల్లో చెప్పాడు: ఇద్దరు తమ గదుల్లోనే, తొమ్మిదిమంది విమానాశ్రయంలో, మొత్తం పదకొండుమందీ చనిపోయారు. వారిలో డేవిడ్ బెర్గర్ అమెరికాలో పుట్టి పెరిగినవాడు. అతని తల్లిదండ్రులు ఒహాయోలో టీవీ చూస్తూ ఉంటారని, కొడుకు సంగతి వాళ్లకు తన నోటనే తెలుస్తుందని ఆ సమయంలో తన మనసులో మెదిలిందని మెక్‌కే తర్వాత చెప్పాడు.

నీకు ఇంకో ఇబ్బంది కూడా ఉంటుంది. ఇప్పుడు తెలుగులాంటి ప్రాంతీయ భాషల ప్రసారాల్లో వ్యాఖ్యానం చాలావరకు మైదానంలో జరగడం లేదు. ఎక్కడో స్టూడియోలో, తెర చూస్తూ చెప్పాలి. మా రోజుల్లో తల తిప్పితే బెంచి మీద ఎవరు లేచారో, డాక్టరు ఎటు పరుగెత్తాడో కనబడేది. నీకు దర్శకుడు చూపించిందే కనబడుతుంది. అందుకే ఆ చెవిలోని గొంతు నాకంటే నీకు ఎక్కువ అవసరం.

డబ్బు విషయం రెండు ముక్కల్లో. ఒప్పందం సాధారణంగా ఒక సీజన్‌కో, ఒక సిరీస్‌కో ఉంటుంది, ఆ తర్వాత పిలుపు వస్తుందని ఎవరూ మాట ఇవ్వరు. అంతటి హర్షా భోగ్లేనే 2016 ఐపీఎల్‌కు ముందు పక్కనపెట్టినప్పుడు, కారణం తనకు ఎవరూ చెప్పలేదని ఆయనే అన్నాడు. ఆయన తిరిగి వచ్చాడు, నిజమే, కానీ రాకపోయి ఉంటే? ఏడాది గడవడానికి సరిపడా పొదుపు ముట్టుకోకుండా ఉంచుకో. మీ అమ్మ కోపమంతా ఈ ఒక్క మాటతో సగం చల్లారుతుంది. రాజీనామా పత్రంలో బ్యాంకువాళ్లతో మంచిగానే ఉండు.

కసురుతున్నానని నొచ్చుకోకు. నీ గొంతులో ఒక తేటదనం ఉంది, అది నేర్పితే వచ్చేది కాదు. ఏడెనిమిదేళ్ల వయసులో, నా పక్కన కూర్చుని, ఓడిపోతున్న జట్టు గురించి కూడా జాలి లేకుండా, వెక్కిరింపు లేకుండా ఉన్నదున్నట్టు చెప్పేదానివి. అప్పట్లో నేను మెచ్చుకోలేదు, మీ అమ్మ వింటుందని. ఇప్పుడు చెబుతున్నాను.

ఛానెల్‌వాళ్లు పరీక్షగా చేయించిన రికార్డింగ్ నీ దగ్గర ఉంటుంది. దాన్ని నాకు పంపు. మొదటి నిమిషాలూ, చివరి ఓవరూ నాకు అక్కరలేదు, అవి ఎవరైనా బాగానే చెబుతారు. వికెట్లు పడకుండా, పరుగులు రాకుండా, ఏమీ జరగని మధ్య ఓవర్ల ముక్క ఒక అరగంట పంపు. విని, ఎక్కడెక్కడ నోరు మూసుకోవలసిందో గుర్తులు పెట్టి రాస్తాను. వచ్చే ఆదివారంలోగా పంపితే చేరడానికి ముందే జవాబు అందుతుంది.

నీ క్షేమం కోరే
మామయ్య