భారతి పాత సంచికలను ఏం చేయాలి?

ప్రశ్న: మా తాతగారు దాచిన ‘భారతి’ సంచికలు రెండు ట్రంకు పెట్టెల నిండా ఉన్నాయి. అట్టల అంచులు ముట్టుకుంటే పొడిపొడిగా రాలుతున్నాయి. పాత కాగితాలవాడికి వేసేయమంటున్నారు ఇంట్లో. నాకు మనసొప్పడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: దయచేసి వేయకండమ్మా! కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1924లో మద్రాసులో మొదలుపెట్టిన ఆ మాసపత్రిక 1991లో ఆగిపోయింది. అన్నేళ్లూ తెలుగు పండితులు శాసనాల మీద, కవుల కాలాల మీద, ఛందస్సు మీద వాదించుకున్న చోటు అది. ఒకరు వ్యాసం రాస్తే దానికి జవాబుగా ఇంకొకరు రాసేవారు, అలా ఆ చర్చ నెలల తరబడి నడిచేది. ఆగిపోయాక కథలకీ కవితలకీ వేరే పత్రికలు దొరికాయి గానీ అలా తీరిగ్గా వాదించుకునే చోటు మళ్లీ దొరకలేదని నాకు ఇప్పటికీ బాధే.

ముందు మీ దగ్గరున్న నెలలూ సంవత్సరాలూ ఒక కాగితం మీద రాసుకోండి. ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే వెబ్‌సైటులో చాలా సంచికల స్కాన్‌లు ఉన్నాయి, వాటితో పోల్చి చూడండి. అక్కడ లేనిది మీ పెట్టెలో దొరికితే అదృష్టమే. చిరిగినచోట సెల్లోటేపు మాత్రం అంటించకండి, కొన్నేళ్లకి ఆ జిగురే కాగితాన్ని పాడుచేస్తుంది. తాతగారు మార్జిన్లలో పెన్సిలుతో ఏమైనా రాసుకుని ఉంటే చెరపొద్దు, ఆ పేజీలు ఫోన్‌తో ఫొటో తీసిపెట్టుకోండి. ఇంట్లో చోటు లేకపోతే వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయాన్నో, హైదరాబాదులోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం గ్రంథాలయాన్నో అడగండి. మీరు రాసుకున్న జాబితా ముందే పంపితే వాళ్లకి ఏవి కావాలో చెప్తారు.