ఆకు కుట్టే పిట్ట, ఆకు అతికించే చీమ

చిరంజీవి తమ్ముడికి,

గుణుపురం నుంచి నువ్వు పంపిన వ్యాసం అందింది. మామిడిచెట్టు మీది ఎర్రచీమనీ, పెరట్లో తిరిగే దర్జీపిట్టనీ పక్కపక్కన పెట్టాలన్న ఆలోచన నాకు బాగా నచ్చింది. కానీ 'రెండూ ఆకులు కుట్టి గూడు కడతాయి, ప్రకృతి ఎంత గొప్పదో' అని మూడో పేరాకే ముగించేశావు. అసలు విషయం అక్కణ్ణుంచే మొదలవుతుంది.

పిట్ట సంగతి చూడు. గూడు కుట్టేది ఆడపిట్ట ఒక్కతే. ఆకు అంచుల్లో ముక్కుతో సన్నటి చిల్లులు పొడిచి, పత్తి పోగో సాలెగూటి దారమో లాగుతుంది. అవతలి వైపు పోగు కొస విచ్చుకుని ఉబ్బుతుంది, అందుకే జారదు. ఆ ఉబ్బు నీ వ్యాసంలో ఎక్కడా లేదు.

చీమ పని వేరు. పనిచీమలు ఒకదాని నడుము ఒకటి పట్టుకుని గొలుసుకట్టి, ఆకు అంచుల్ని దగ్గరికి లాగి పట్టుకుంటాయి. ఇంకొన్ని చీమలు తమ గూటి పిల్లపురుగుల్ని, అంటే ఇంకా చీమలు కాని లార్వాల్ని, నోట కరుచుకొచ్చి ఈ అంచుకీ ఆ అంచుకీ ఆనిస్తూ తిప్పుతాయి. పురుగు నోట్లోంచి వచ్చే పట్టుపోగుతో ఆకులు అతుక్కుంటాయి. తన చుట్టూ గూడు అల్లుకోవాల్సిన పట్టు అలా ఇంటికి పోతుంది, ఆ పురుగు పట్టుగూడు లేకుండానే పెరిగి చీమవుతుంది. పిట్ట పిల్లల కోసం కుడుతుంది, చీమలు పిల్లల చేతే పని చేయిస్తాయి! దీని మీదే రెండు పేజీలు రాయొచ్చు. త్యాగం అని మాత్రం రాయకు, ఆ పురుగుకేం తెలుసు? ఏది గొప్పదన్న పోటీ కూడా వద్దు. పిట్టది ఒక్క కాన్పు గూడు. చీమలది నాలుగైదు చెట్లకి పాకిన ఊరు.

ఇక్కడ పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు గారు సవర భాష నేర్చుకున్నది సవర గిరిజనుల నోటి నుంచే. నువ్వూ మామిడికాయలు కోసేవాళ్లని అడుగు. చీమ కుట్టిన మంట వాళ్లు చెప్పినట్టు నువ్వూ నేనూ చెప్పలేం. ఇదే చీమతో ఒడిశాలోని మయూర్‌భంజ్‌లో చేసే కాయ్ చట్నీకి 2024లో జీఐ ట్యాగ్ (ఫలానా ప్రాంతపు ప్రత్యేక వస్తువన్న గుర్తింపు) వచ్చింది, అదీ ఒక వాక్యంలో చేర్చు.

జూన్ నుంచి ఆగస్టు దాకా దర్జీపిట్టలు ఎక్కువగా గూళ్లు పెడతాయి. దూరం నుంచే చూడు, గూడున్న ఆకుని ముట్టుకోకు. చూశాక తిరగరాసి పంపు, టెన్షన్ పడకు, వచ్చిన రోజే చదువుతాను.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య