ఓనర్ ఖాళీ చేయమంటే ముందు రాతలో అడుగు

అమ్మాయ్,

నీ మెసేజ్ చదివాను. గదిలో కొవ్వొత్తులూ, ఐదు మూలల నక్షత్రమూ చూసి ఓనర్ ఆంటీ "ఇలాంటివి మా ఇంట్లో కుదరవు, నెలాఖరుకి ఖాళీ చెయ్" అందనీ, ఆఫీసులో టీమ్ లీడ్ అందరి ముందు "చేతబడి పిల్ల" అన్నాడనీ రాశావు. చాలా కోపం వచ్చింది నాకు. ఇందులో నీ తప్పు ఏమీ లేదు. నేనూ నీలాగే పేగన్‌గానే, అంటే ప్రకృతినీ పాత దేవతల్నీ కొలుస్తూనే, ఈ బెంగళూరులో ఇన్నేళ్ళుగా ఉంటున్నాను కాబట్టి చెప్తున్నా, ముందు వాళ్ళ నోటిమాటను రాతలోకి తెప్పించు.

ఈ రోజే ఆంటీకి వాట్సాప్ పెట్టు. "నా పూజ వల్ల ఖాళీ చేయమన్నారు కదా, అగ్రిమెంట్ ప్రకారం నోటీసు ఎప్పటినుంచి లెక్క, అడ్వాన్స్ ఎప్పుడు తిరిగిస్తారు" అని మర్యాదగా, అంతే. జవాబు రాకపోయినా ఆ మెసేజ్ నీ దగ్గర ఉంటుంది. గది ఫొటోలు కూడా తీసి పెట్టుకో, ఈ ఊళ్ళో ఇలాంటి గొడవలు చివరికి అడ్వాన్స్‌లో పెయింటింగ్ ఖర్చు ఎంత కోస్తారన్న దగ్గరికే వస్తాయి.

చట్టం గురించి ఉన్నదున్నట్టు చెప్తాను. నీ విశ్వాసాన్ని పాటించే హక్కు రాజ్యాంగం 25వ అధికరణం ఇచ్చింది, అది పెద్ద మతాల వాళ్ళకే అని ఎక్కడా లేదు. మతం పేరుతో వివక్ష వద్దనే 15వ అధికరణం మాత్రం ప్రభుత్వానికీ, షాపులూ హోటళ్ళ లాంటి చోట్లకీ వర్తిస్తుంది గానీ సొంత ఇల్లు అద్దెకిచ్చే మనిషిని నేరుగా పట్టుకోదు. అందుకే అక్కడ నీ బలం అగ్రిమెంటే. ఎవరైనా కర్ణాటక చేతబడి చట్టం చూపించి బెదిరిస్తే టెన్షన్ పడకు. 2017లో చేసిన ఆ చట్టం గుప్తనిధుల కోసం చేసే అమానుషాలు, దెయ్యం వదిలిస్తామని కొట్టడం లాంటి వాటికి, పౌర్ణమి రాత్రి నీ గదిలో కొవ్వొత్తి వెలిగించుకుంటే దానికి కాదు.

ఆఫీసు సంగతి వేరే. అతను ఏమన్నాడో, ఎప్పుడన్నాడో, ఎవరు విన్నారో ఈ రాత్రే రాసి పెట్టుకో, తర్వాత హెచ్‌ఆర్‌కి మెయిల్ చెయ్, కంపెనీ పాలసీలో మత వివక్ష గురించి ఉన్న వాక్యాన్ని అందులో యథాతథంగా పెట్టు. మీ మతం ఏంటో వివరించమని అడుగుతారు, పాఠం చెప్పాల్సిన అవసరం నీకు లేదు. "మా ఊళ్ళో వేపచెట్టుకి మొక్కినట్టే ఇదీ" అని తేలిక చేసి తప్పించుకోవడం నాకు నచ్చదు, అలా చెప్తే ఈరోజుకి గడుస్తుందేమో గానీ, రేపు నీ పండక్కి సెలవు అడగలేవు.

ఆఫ్ఘనిస్తాన్‌లో 2005లో చనిపోయిన ఒక అమెరికా సైనికుడి భార్య, భర్త స్మారక ఫలకం మీద పెంటకిల్ గుర్తు, అంటే నీ గదిలో ఉన్నలాంటి ఐదు మూలల నక్షత్రం, కావాలని అడిగితే అక్కడి ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆవిడ వదల్లేదు, కోర్టు దాకా వెళ్ళారు, 2007లో ప్రభుత్వమే దిగొచ్చి అలాంటి ఫలకాల మీద అనుమతించే గుర్తుల జాబితాలో దాన్ని చేర్చింది. నీకు అంత దూరం అక్కర్లేకపోవచ్చు. కానీ బెదిరింపులు మొదలైతే మాత్రం ఆగకు, వెంటనే 112కి ఫోన్ చెయ్. లాయర్‌కి డబ్బులు లేవని ఆగిపోకు, ఆడవాళ్ళకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, 15100కి ఫోన్ చేస్తే చాలు.

మీ అమ్మ సంగతి నాకు వదిలెయ్, నా చెల్లెలితో నేను మాట్లాడతాను. ఆదివారం అగ్రిమెంట్ కాపీ తీసుకుని ఇంటికి రా, హెచ్‌ఆర్ మెయిల్ ఇద్దరం కూర్చుని రాద్దాం.

మీ పెద్దమ్మ