టెక్ సందేహాలు: కారు లాగడం లేదు, క్యాటలిటిక్ కన్వర్టర్ మార్చాల్సిందేనా?

ప్రశ్న: మాది 2014 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, హైదరాబాద్ రిజిస్ట్రేషన్. లక్ష కిలోమీటర్లు దాటింది. కొన్నాళ్లుగా పికప్ బాగా తగ్గిపోయింది. సిటీలో పర్వాలేదు గానీ హైవే మీద లారీని దాటాలంటే భయమేస్తోంది. 70 దాటాక ఎంత తొక్కినా లాగదు. పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ జామ్ అయిందని మా మెకానిక్ అంటున్నాడు. కొత్తదానికి చాలా ఖర్చవుతుందట, పగలగొట్టి లోపలిది తీసేస్తే సరిపోతుందట. నా దగ్గర బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ (కారు కంప్యూటర్ రీడింగ్‌లను ఫోన్‌లో చూపించే పరికరం) ఉంది. దాంతో నేనే చెక్ చేసుకోవచ్చా? (ఖమ్మం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: చేసుకోవచ్చు, చేసుకున్నాకే డబ్బు తీయండి. పికప్ తగ్గితే చాలా షెడ్లలో ముందుగా కన్వర్టర్ పేరే చెబుతున్నారు. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా, పెట్రోల్ పంపు ప్రెజర్ తగ్గినా కారు ఇలాగే చేస్తుంది. క్లచ్ ప్లేటు అరిగినా లాగదు, కానీ అప్పుడు ఆర్‌పీఎం పెరుగుతుంది, స్పీడు మాత్రం పెరగదు. కన్వర్టర్ జామ్ అయితే ఆర్‌పీఎం కూడా పైకి ఎక్కదు. కాలిన గ్యాస్ బయటకు పోకపోతే కొత్త గాలి ఇంజిన్ లోపలికి రాదు కదా.

మీ డాంగిల్‌తో చేయగలిగిన మంచి పరీక్ష ఒకటుంది. కారును చదునైన చోట న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేక్ వేసి ఉంచండి. యాప్‌లో లైవ్ డేటాకి వెళ్లి ‘ఇన్‌టేక్ మానిఫోల్డ్ ప్రెజర్’ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి పీడనం) అనే రీడింగ్ తెరవండి. ఇంజిన్ ఆపి, తాళం మాత్రం ఆన్‌లో ఉంటే అది 100 కిలోపాస్కల్‌కు దగ్గరగా చూపించాలి. అలా చూపిస్తే సెన్సర్ బాగున్నట్టే. ఇంజిన్ బాగా వేడెక్కాక, ఏసీ ఆపి, ఐడిల్‌లో ఉంచితే చాలా కార్లలో 30 నుంచి 40 మధ్య ఉంటుంది. ఇప్పుడు 2500 ఆర్‌పీఎం దగ్గర ఒక నిమిషం పాటు స్థిరంగా పట్టుకోండి. పొగ దారి బాగుంటే రీడింగ్ ఐడిల్ అంకె దగ్గరే, లేదా అంతకంటే కాస్త కిందే నిలబడుతుంది. జామ్ అయి ఉంటే కాలు కదపకపోయినా అంకె మెల్లగా పైకి పాకుతూ పోతుంది. 35, 38, 42 అని అది పెరుగుతుంటే పొగ దారిలో ఎక్కడో అడ్డం ఉందన్నమాటే. మూసిన గ్యారేజీలో మాత్రం ఈ పరీక్ష చేయొద్దు, కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాల మీదకు తెస్తుంది. మీ కారులో ఈ రీడింగే లేకపోతే మెకానిక్ దగ్గర వ్యాక్యూమ్ గేజ్ పెట్టించి ఇదే చూడొచ్చు.

అడ్డం ఉందని తేలినా అది కన్వర్టర్‌లోనే అని చెప్పలేం. సైలెన్సర్ లోపలి రేకులు తుప్పుపట్టి ఊడి దారి మూసేసే సందర్భాలూ ఉన్నాయి. అందుకే రెండో పరీక్ష. ఫోన్‌కి తగిలించే ఎండోస్కోప్ కెమెరా ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. సన్నటి వైరు చివర చిన్న లైటు, కెమెరా ఉంటాయి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక మెకానిక్ చేత కన్వర్టర్ ముందున్న ఆక్సిజన్ సెన్సర్ విప్పించి, ఆ రంధ్రంలోంచి కెమెరా దించండి. బాగున్న కన్వర్టర్ ముఖం సన్నటి చదరపు గళ్లతో, తేనెపట్టులా ఒకే తీరున కనిపిస్తుంది. గళ్ల మీద నల్లటి మసి మాత్రమే ఉంటే పరిస్థితి మరీ చేయి దాటలేదు. గళ్లు కరిగి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, గాజు ముద్దలా మెరుస్తుంటే ఇక దానికి మందు లేదు. ముక్కలుగా విరిగి ఉంటే చేత్తో తట్టినప్పుడు గలగలమంటుంది కూడా. ఈ వీడియో ఫోన్‌లో సేవ్ చేసుకోండి. మీకు మెకానిక్‌తో మాట్లాడేటప్పుడు పనికొస్తుంది, మెకానిక్‌కీ పనికొస్తుంది.

ఇక నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట. కన్వర్టర్ తనంతట తాను కరిగిపోదు. ఆ గళ్లు కార్డిరైట్ అనే సిరామిక్‌వి, 1400 డిగ్రీల దాకా ఓర్చుకుంటాయి. ఇంజిన్‌లో మిస్సింగ్ ఉంటే కాలని పెట్రోలు వెళ్లి కన్వర్టర్‌లో మండుతుంది, అప్పుడే ఆ వేడి దాటిపోతుంది. ఇంజిన్ ఆయిల్ తాగుతుంటే దాని బూడిద వచ్చి గళ్లలో పేరుకుంటుంది. హెడ్ గ్యాస్కెట్ పోయి కూలెంట్ లోపలికి కారుతున్నా పాడవుతుంది. కాబట్టి యాప్‌లో మిస్సింగ్‌ను తెలిపే పీ0300 నుంచి పీ0304 దాకా ఏ కోడ్ ఉందో చూడండి, పాత కోడ్‌లు కూడా చూడండి. స్పార్క్ ప్లగ్‌లు, ఇగ్నిషన్ కాయిల్‌లు, ఆయిల్ ఎంత తగ్గుతోంది అన్నవి సరిచూసుకోకుండా కొత్త కన్వర్టర్ వేస్తే అదీ ఇదే దారి పడుతుంది. షెడ్డులో ఈ తనిఖీనే ఎక్కువమంది వదిలేస్తారు. పెద్ద ఖర్చు రెండోసారి వచ్చేది అందుకే.

ఖర్చు తగ్గించుకునే మార్గాలున్నాయి. చాలా చిన్న కార్లలో కన్వర్టర్ ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కే (ఇంజిన్ నుంచి పొగ బయటకు వచ్చే గొట్టాలకే) అతుక్కుని ఉంటుంది. షోరూమ్‌లో మొత్తం సెట్ ధర చెబుతారు కాబట్టి గుండె గుభేలుమంటుంది. కన్వర్టర్ భాగం విడిగా దొరుకుతుందా అని పార్ట్ నంబర్‌తో అడగండి. విడిగా లేకపోతే, మీ ఇంజిన్ సీసీకీ బీఎస్-4 కాలుష్య ప్రమాణాలకూ సరిపడే యూనివర్సల్ కన్వర్టర్‌ను ఎగ్జాస్ట్ పని చేసేవాళ్లు కోసి వెల్డింగ్ చేస్తారు. బిల్లు, వారంటీ రాసివ్వని చోట తీసుకోవద్దు. వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ వైరు తీయించండి, లేకపోతే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌కి (ఈసీయూ) ముప్పు. స్క్రాప్ యార్డులో అదే మోడల్ దొరికితే, వెనుక భాగం దెబ్బతిన్న కారుదైతే చూడొచ్చు. ముందు గుద్దుకున్న కారులో కన్వర్టర్‌కే దెబ్బ తగిలి ఉండొచ్చు. కొనేముందు అదే ఎండోస్కోప్ దాంట్లోకి దించి చూడండి.

పాత కన్వర్టర్ మాత్రం షెడ్డులో వదిలేసి రాకండి. దాని పూతలో ప్లాటినం, పలేడియం, రోడియం ఉంటాయి, కాబట్టి జామ్ అయినదానికీ ధర పలుకుతుంది. ఆ మొత్తం బిల్లులో తగ్గించమని ముందే మాట్లాడుకోండి, లేదా మీరే తెచ్చుకోండి.

పగలగొట్టించే మాట మాత్రం వద్దు. కార్బన్ మోనాక్సైడ్, కాలని ఇంధనం, నైట్రోజన్ ఆక్సైడ్‌లు నేరుగా బయటకు వస్తాయి. వెనక బైక్ మీద వచ్చేవాళ్లు, బడి దగ్గర నిలబడ్డ పిల్లలు అవే పీలుస్తారు. బీఎస్-4 పెట్రోల్ కారుకి పొల్యూషన్ పరీక్షలో ఐడిల్ దగ్గర కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం దాటకూడదు. ఖాళీ డబ్బాతో అది అందుకోవడం కష్టం. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190(2) కింద కాలుష్య ప్రమాణాలు మీరితే రూ.10,000 దాకా జరిమానా, 3 నెలల దాకా జైలు, లైసెన్సుపై వేటు కూడా ఉన్నాయి.

ప్రశ్న: డల్లాస్‌లో ఎంఎస్ చదువుతున్నాను. 2009 మోడల్ సెడాన్ కొన్నాను. చెక్ ఇంజిన్ లైట్ వెలిగింది, కోడ్ పీ0420. లాగడంలో తేడా లేదు. ట్యాంకులో పోసే క్లీనర్ వాడితే పోతుందా? కోడ్ క్లియర్ చేసి ఇన్‌స్పెక్షన్‌కి వెళ్లొచ్చా? (డల్లాస్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: పీ0420 అంటే కన్వర్టర్ జామ్ అయిందని కాదమ్మా, గ్యాస్‌ను శుభ్రం చేసే శక్తి తగ్గిందని కారు అనుకుంటోంది. లాగడంలో తేడా లేదంటే దారి తెరిచే ఉంది. లైవ్ డేటాలో రెండు ఆక్సిజన్ సెన్సర్ల గ్రాఫ్‌లు పక్కపక్కన పెట్టి చూడండి. కన్వర్టర్ వెనక ఉన్న సెన్సర్ 0.6, 0.7 వోల్టుల దగ్గర నిలకడగా ఉండాలి. అది 0.1కీ 0.9కీ మధ్య గబగబా ఎగిరిపడుతుంటే కన్వర్టర్ పని అయిపోయినట్టే. అయితే ముందు ఎగ్జాస్ట్‌లో ఎక్కడైనా లీకేజీ ఉందేమో చూపించండి, దానివల్లా ఈ కోడ్ వస్తుంది. క్లీనర్ కొంచెం మసి వదిలించగలదేమో గానీ, అరిగిపోయిన పూతను తిరిగి తేలేదు.

కోడ్ క్లియర్ చేసి వెళితే లాభం లేదు. డల్లాస్ కౌంటీలో ఎమిషన్స్ పరీక్ష ఓబీడీ పోర్టు ద్వారానే చేస్తారు. క్లియర్ చేయగానే మానిటర్లు (కారు తనను తాను చేసుకునే పరీక్షలు) ‘నాట్ రెడీ’ అయిపోతాయి, అక్కడే తెలిసిపోతుంది. అమెరికాలో కన్వర్టర్‌పై ఫెడరల్ వారంటీ 8 ఏళ్లు లేదా 80,000 మైళ్లు, మీ కారుకి అది దాటిపోయింది. బయటి కంపెనీల కొత్త కన్వర్టర్ వేయించుకోవచ్చు. అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ నిబంధన ప్రకారం దాని పైడబ్బాకి 5 ఏళ్లు లేదా 50,000 మైళ్లు, పనితీరుకి 25,000 మైళ్ల వారంటీ ఇవ్వాలి. కాగితం మీద తీసుకోండి. రేపు ఉద్యోగం కాలిఫోర్నియాలో వచ్చి కారు అక్కడికి తీసుకెళ్లే ఆలోచన ఉంటే, అక్కడి గాలి కాలుష్య నియంత్రణ సంస్థ కార్బ్ అనుమతి నంబర్ ఉన్నదే కొనండి. ధర ఎక్కువే, కానీ మామూలుదానికి అక్కడ స్మాగ్ (పొల్యూషన్) పరీక్షలో ఒప్పుకోరు.

ప్రశ్న: ఓబీడీ డాంగిల్ కొన్నాను, ఐఫోన్‌కి కనెక్ట్ కావడం లేదు. మా తమ్ముడి ఆండ్రాయిడ్‌కి అవుతోంది. డాంగిల్ పాడైందా? (విజయవాడ)

జవాబు: పాడవలేదు. చవక ఈఎల్‌ఎమ్327 డాంగిల్‌లు ఎక్కువగా పాత తరహా బ్లూటూత్‌వి, వాటిని ఐఫోన్ తీసుకోదు. బ్లూటూత్ లో ఎనర్జీ ఉన్నదో, వైఫై ఉన్నదో మార్చి తెచ్చుకోండి. పని అయ్యాక పోర్టులోంచి తీసేయండి. కారు రోజుల తరబడి కదలకపోతే బ్యాటరీ దిగిపోతుంది.